రెండూ ఒకటేనట!

అమెరికాలో పిల్లల్ని కాలేజీల్లో చేర్పించే మన కుటుంబాల్లో ఒక మాట స్థిరపడిపోయింది. హైదరాబాదులో కన్సల్టెన్సీ బోర్డు కట్టినవారూ, న్యూజెర్సీలో గంటకింత అని ఫీజు తీసుకునే కౌన్సెలర్లూ, నిరుడు తమ పిల్లల్ని చేర్పించి ఈ ఏడు వాట్సాప్ గ్రూపులో పెద్దరికం వహిస్తున్న తల్లిదండ్రులూ అందరూ అదే అంటారు. "ఆ స్థాయికి వెళ్ళాక అన్నీ ఒకటేనండీ. విలియమ్స్ అయినా, ఆమ్హర్స్ట్ అయినా ఒకటే. ఏది వచ్చినా కళ్ళు మూసుకుని చేరిపోవచ్చు." ఊపిరి తీసుకోకుండానే రెండో మాట కూడా వస్తుంది. "రెండూ వస్తే మాత్రం విలియమ్స్. నంబర్ వన్ కదా!"

పైకి ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. ఒకటే అయితే ఒకటో నంబరు, రెండో నంబరు ఎక్కణ్ణుంచి వచ్చాయి? లోపల చూస్తే మాత్రం రెండూ తోడుదొంగలు. రెండుచోట్లా దొరికేది ఒకే చదువు అని ముందు ఒప్పుకుంటేనే, ఏదో పత్రిక వేసిన అంకె పట్టుకుని ఒకదాన్ని పైనా ఇంకోదాన్ని కిందా పెట్టడానికి వీలవుతుంది. దొరికేవి వేరు వేరు చదువులని తేలిన నాడు ఆ అంకెకు పని లేదు. వీణ నేర్చుకోవాలా, కూచిపూడి నేర్చుకోవాలా అని తేల్చుకోలేని పిల్లకు గురువుల ర్యాంకుల పట్టిక ఎవరూ చేతికివ్వరు గదా.

అందుకని నేను కొట్టదలచుకున్నది మొదటి మాటనే. ర్యాంకుల్ని తిట్టిపోయడం తేలిక, అదొక ఫ్యాషన్ కూడా. "అన్నీ ఒకటే" అన్న మాట అనుభవం పండినట్టు, ఆశ తగ్గించుకున్నట్టు వినిపిస్తుంది గనుక దాని జోలికి ఎవరూ పోరు.

ఈ కాలేజీల సంగతి తెలియని వారికి రెండు ముక్కలు. ఇవి యూనివర్సిటీలు కావు. డిగ్రీ చదువు చెప్పడమే పనిగా పెట్టుకున్న చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు. ఫిజిక్సూ, ఆర్థికశాస్త్రమూ, సంగీతమూ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. పీహెచ్‌డీ విద్యార్థుల మంద ఉండదు కాబట్టి ప్రొఫెసర్లే పాఠం చెబుతారు, ప్రొఫెసర్లే పేపర్లు దిద్దుతారు. దరఖాస్తు పెట్టిన వందమందిలో సుమారు పదిమందికే చోటిస్తాయి. సాయం ఏమీ దొరక్కపోతే ఏడాది ఖర్చు 90,000 డాలర్ల చుట్టుపక్కల తేలుతుంది. పైగా ఈ రెండూ ఇంజనీరింగ్ డిగ్రీ ఇవ్వవు. పెళ్ళిలో "మావాడు విలియమ్స్‌లో చదువుతున్నాడు" అంటే "అదెక్కడండీ?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. అయినా ఆ దారి పట్టే తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ గొడవ.

ఎదుటివారికి బాగా అనుకూలమైన చోటే వాదిద్దాం. అమెరికాలో కవలలని పేరుపడ్డ కాలేజీలేవంటే ఎవరైనా చెప్పేది ఈ జంటనే. రెండూ మసాచుసెట్స్ రాష్ట్రపు పడమటి భాగంలోనే ఉన్నాయి. రెండింట్లోనూ దాదాపు రెండేసి వేలమందే విద్యార్థులు. రెండింటి నిధులూ చెరి 300 కోట్ల డాలర్లు దాటినవే. ఆడేది ఒకే క్రీడాసంఘంలో. 1859లో పిట్స్‌ఫీల్డ్‌లో ఈ రెండు కాలేజీలు ఆడుకున్నదే అమెరికాలో కాలేజీల మధ్య జరిగిన మొదటి బేస్‌బాల్ ఆట. ఆమ్హర్స్ట్ 73-32తో గెలిచింది. అదే సందర్భంలో చదరంగం కూడా ఆడారు. యూఎస్ న్యూస్ పత్రిక వేసే ర్యాంకుల పట్టికలో ఏళ్ళ తరబడి ఒకటో స్థానం విలియమ్స్‌ది, రెండోది ఆమ్హర్స్ట్‌ది. ఇంతకంటే దగ్గరి పోలిక ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ "ఒకటే" అన్న మాట నిలబడకపోతే ఇంకెక్కడా నిలబడదు.

నిజానికి ఇవి కవలలు కావు, తగువుపడి వేరుపడినవి. విలియమ్స్ 1793లో పుట్టింది. ఉన్నది విలియమ్స్‌టౌన్‌లో, బర్క్‌షైర్ కొండల మధ్య మారుమూల ఊరు. రెండో అధ్యక్షుడు జెఫనయా స్విఫ్ట్ మూర్‌కు ఆ ఊరు నచ్చలేదు. ఇంత దూరం పిల్లలు ఎవరొస్తారు, కాలేజీని తూర్పున కనెక్టికట్ నది లోయకు మార్చేద్దామన్నాడు. అది సాగలేదు. 1821లో ఆయన పదిహేనుమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఆమ్హర్స్ట్ వెళ్ళిపోయి అక్కడ కొత్త కాలేజీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఇక విలియమ్స్ మూతబడుతుందేమోనని భయపడ్డ పాత విద్యార్థులు అదే ఏడాది సంఘం కట్టారు. పాత విద్యార్థుల సంఘాల్లో ఈనాటికీ నడుస్తున్న అతి పాతది అదే. మూర్ అడిగిన ప్రశ్న ఒకటే: చదువుకు ఏకాంతం మంచిదా, నలుగురి మధ్య ఉండడం మంచిదా? 200 ఏళ్ళు దాటినా రెండు కాలేజీలూ ఆ ప్రశ్నకు చెరో జవాబు చెబుతూనే ఉన్నాయి.

ముందు పాఠ్యక్రమం చూడండి. ఆమ్హర్స్ట్‌లో తప్పనిసరి కోర్సు ఒక్కటే, మొదటి సంవత్సరపు సెమినార్. ఆపైన ఎంచుకున్న మేజర్ తాలూకు కోర్సులు పూర్తిచెయ్యాలి. మిగతాదంతా విద్యార్థి ఇష్టం. లెక్కలు ముట్టకుండా బయటపడవచ్చు, సాహిత్యం ముట్టకుండానూ బయటపడవచ్చు. దీన్ని కొందరు ఉదారత అంటారు, కొందరు బాధ్యత వదిలించుకోవడం అంటారు. రెండూ కాదు. అదొక పందెం. తరగతిలో కూర్చున్న ప్రతివాడూ తనంత తాను కోరి వచ్చినవాడే అయితే ఆ తరగతి వేరే రకంగా నడుస్తుందన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటు. చరిత్ర క్లాసులో "రిక్వైర్‌మెంటు కోసం వచ్చాను సార్" అని వెనక బెంచీలో చేరగిలబడేవాడు ఉండడు. ప్రొఫెసరుకు ఆ సంగతి తెలుసు, పక్కన కూర్చున్నవాడికీ తెలుసు.

విలియమ్స్ ఆ పందెం కాయదు. భాషలూ కళలూ ఒక విభాగం, సమాజశాస్త్రాలు ఒకటి, సైన్సూ గణితమూ ఒకటి. ఒక్కోదాంట్లో మూడేసి కోర్సులు చెయ్యాలి. చివరి నిమిషం దాకా దాటవేయకుండా ఒక్కో విభాగంలో రెండేసి మొదటి రెండేళ్ళలోనే అయిపోవాలి. రాత మీద కోర్సులు, లెక్కతో తర్కించే కోర్సు, సమాజంలో తేడాలూ అధికారమూ చర్చించే కోర్సు, చివరికి వ్యాయామం కూడా తప్పదు. వీటికి తోడు జనవరి నెల ఉంది. ఆ నెలంతా ఒక్క కోర్సే, మామూలు గ్రేడ్లు ఉండవు. ఏటా చెయ్యాలి. గడ్డకట్టే చలిలో, కొండల మధ్య, ఒకే ఒక్క విషయం పట్టుకుని నెలంతా కూర్చోవడం! కొందరికి అది స్వర్గం, కొందరికి శిక్ష. ఎవరికి ఏదవుతుందో ర్యాంకు చెప్పలేదు.

ఇంతవరకూ విని "సరే, నిబంధనల్లో తేడాలుంటాయి, అంతమాత్రాన చదువు మారిపోతుందా?" అనేవారు విలియమ్స్ ట్యుటోరియల్ సంగతి తెలుసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ పద్ధతి నుంచి తెచ్చుకుని 1988లో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. కోర్సుకు పదిమంది, అంటే ఐదు జంటలు. ప్రతి జంటా వారానికోసారి ప్రొఫెసరు ముందు గంటసేపు కూర్చుంటుంది. ఈ వారం ఒకరు ఐదారు పేజీల వ్యాసం రాసి ముందుగా జతవాడికి అందజెయ్యాలి. అతను దాన్ని చదివి, ఎక్కడ వాదం కుంటిందో, ఏ ఆధారం నిలవదో విమర్శ సిద్ధం చేసుకుని రావాలి. వచ్చే వారం పాత్రలు తారుమారు. గణితంలోనైతే వ్యాసాల బదులు లెక్కలు చేసుకొచ్చి బోర్డు మీద నిరూపించాలి. ప్రొఫెసరు చాలాసేపు కలగజేసుకోరు. సెమిస్టరు ముగిసేసరికి ఒక్కొక్కరి చేత ఐదారు వ్యాసాలూ, దాదాపు అన్ని విమర్శలూ రాయించి వదులుతారు.

అంటే ఏమిటి? ముగ్గురున్న గదిలో ఎవరి వెనకా దాక్కునే వీల్లేదు. చదవకుండా వెళితే ఆ గంట గడవదు. స్నేహితుడి వ్యాసాన్ని వాడి ముఖం మీదే తప్పుపట్టాలి, వచ్చే వారం వాడి చేత పట్టించుకోవాలి, ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి భోజనానికి వెళ్ళాలి. ఇది తప్పనిసరి కాదు. కానీ విభాగమేదైనా ఏటా డజన్ల కొద్దీ ట్యుటోరియల్స్ కోర్సుల జాబితాలో ఉంటాయి, కోరినవాడికి అందేంత దూరంలో ఉంటాయి. ఆమ్హర్స్ట్‌లోనూ ప్రొఫెసరుతో విడిగా చదువుకోవచ్చు, ఆఖరి ఏడాది థీసిస్ రాయవచ్చు. అదంతా విద్యార్థి చొరవ మీద ఆధారపడింది. కాలేజీయే పూనుకుని, ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, వారం వారం నడిపించే యంత్రాంగం అక్కడ లేదు. యూఎస్ న్యూస్ వారి లెక్కలో దీనికి ఒక్క మార్కు కూడా లేదు.

ఇక ఆమ్హర్స్ట్ వైపు రండి. ఆ కాలేజీ బలం దాని గోడల బయట కూడా ఉంది. 1965లో ఏర్పడిన ఐదు కాలేజీల కూటమి అక్కడిది. స్మిత్, మౌంట్ హోలియోక్, అన్నిటికంటే ముఖ్యంగా యూమాస్ ఆమ్హర్స్ట్ అనే పెద్ద యూనివర్సిటీ అందులో ఉన్నాయి. బస్సెక్కి వెళ్ళి, వేరే ఫీజు కట్టకుండా, అక్కడి కోర్సులు చదువుకోవచ్చు. యూమాస్‌లో డిగ్రీ విద్యార్థులే 20,000కు పైగా ఉంటారు. పేరున్న కంప్యూటర్ సైన్సు విభాగం ఉంది, పీజీ స్థాయి కోర్సులున్నాయి, పరిశోధనశాలలున్నాయి. రెండువేలమంది కాలేజీలో కంప్యూటర్ సైన్సు అంటే ఎన్ని కోర్సులుంటాయని బెంగపడే తండ్రికి ఇంతకంటే మంచి జవాబు లేదు. అయితే ఈ జవాబు ర్యాంకులో రెండోదైన కాలేజీ దగ్గరుంది. విలియమ్స్‌టౌన్ నుంచి అలా బస్సెక్కితే కనిపించేవి కొండలే. బోస్టన్‌కు మూడు గంటలు పడుతుంది.

విలియమ్స్ ఏకాంతం కూడా ఒట్టి ఏకాంతం కాదు. ఆ చిన్న ఊళ్ళోనే క్లార్క్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. గొప్ప చిత్రాల సేకరణ, గొప్ప కళాగ్రంథాలయం. పక్క ఊరు నార్త్ ఆడమ్స్‌లో పాత ఫ్యాక్టరీ భవనాల్లో 1999లో తెరిచిన మాస్ మోకా మ్యూజియం ఉంది. స్టాడర్డ్, ఫైసన్, పియర్సన్ అనే ముగ్గురు ప్రొఫెసర్లు దశాబ్దాల పాటు విలియమ్స్‌లో కళాచరిత్ర చెప్పారు. వారి చేతుల్లో తయారైనవాళ్ళు ఒక దశలో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌నూ, గుగెన్‌హైమ్‌నూ, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీనీ ఒకేసారి నడిపారు. దీన్ని సరదాగా విలియమ్స్ మాఫియా అనేవారు. కొండల మధ్య పారిపోయే చోటు లేక మ్యూజియంలో గడిపిన పిల్లలే ఆ మాఫియా అని నా అనుమానం.

ఖగోళశాస్త్రం ఒక్కటి తీసుకుంటే ఈ తేడా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. విలియమ్స్‌లో 1830లలో కట్టిన హాప్‌కిన్స్ అబ్జర్వేటరీ ఇప్పటికీ నిలిచి ఉంది. 1972 నుంచి 2022లో చనిపోయేదాకా అక్కడ పాఠం చెప్పిన జే పసాకాఫ్ డెబ్బైకి పైగా సూర్యగ్రహణాలు చూసినవాడు. ఎక్కడ గ్రహణం పడితే అక్కడికి డిగ్రీ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఆమ్హర్స్ట్‌లో అదే శాస్త్రాన్ని ఐదు కాలేజీల ఉమ్మడి ఏర్పాటుగా, యూమాస్ పరిశోధకులతో కలిసి చదువుతారు. ఒకచోట ఒక గురువు, చుట్టూ నలుగురైదుగురు శిష్యులు. ఇంకోచోట పెద్ద బృందం, అందులో మనవాడొకడు. ఈ రెండింట్లో ఏది గొప్పదని అడగడమే అర్థం లేని ప్రశ్న. మీ అమ్మాయి ఎలాంటిది అన్నది మాత్రం అర్థమున్న ప్రశ్నే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, కొట్టిపారేయదగ్గది కాదు. తప్పనిసరి కోర్సులు లేకపోయినా ఆమ్హర్స్ట్ విద్యార్థుల్లో చాలామంది నాలుగు రకాల కోర్సులూ చదువుతూనే ఉంటారనీ, కాబట్టి చివరికి రెండు కాలేజీల మార్కుల పత్రాలూ ఒకేలా కనిపిస్తాయనీ. కనిపించవచ్చు. అయితే పత్రం మీద ఒకేలా కనిపించే రెండు కోర్సుల్లో ఒకటి కోరి చేసిందీ, ఇంకోటి తోయగా చేసిందీ కావచ్చు. తోయగా వెళ్ళిన పిల్ల ఆ క్లాసులో జీవితం మార్చుకోవచ్చు, లేదా నిద్రపోవచ్చు. కోరి వెళ్ళినది నిద్రపోదు, కానీ తనకు తెలియని తలుపు తట్టకుండానే నాలుగేళ్ళూ గడిపెయ్యవచ్చు. రెండు ప్రమాదాలూ నిజమైనవే. ఏ ప్రమాదం మన పిల్లకు ఎక్కువో కన్సల్టెంటు చెప్పలేడు. ఆ పిల్లను పెంచినవారు చెప్పగలరు.

ఇక ర్యాంకుల గురించి పొడిగా నాలుగు మాటలు చెబుతాను. యూఎస్ న్యూస్ 1983లో ఈ పని మొదలెట్టింది. ఈనాటికీ ఒక కాలేజీ మార్కుల్లో 20 శాతం, సాటి కాలేజీల అధికారులు దాని గురించి ఏమనుకుంటున్నారన్న సర్వే నుంచి వస్తుంది. నిరుటి ర్యాంకు చూసి ఈ ఏటి అభిప్రాయం, ఈ ఏటి అభిప్రాయం వల్ల వచ్చే ఏటి ర్యాంకు. 2022లో కొలంబియా యూనివర్సిటీ ఇచ్చిన లెక్కలు తప్పని అక్కడి గణిత ప్రొఫెసరే బయటపెడితే, రెండో స్థానం నుంచి పద్దెనిమిదికి పడింది. రాత్రికి రాత్రి అక్కడ చదువు చెడిపోయిందా? ఆ మరుసటి ఏడు పత్రికవారు సూత్రం మార్చి తరగతి పరిమాణాన్ని లెక్కలోంచి తీసేశారు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అమ్మే సరుకే చిన్న తరగతి! ఆ సరుకును తూకంలోంచి తీసేసి కూడా ఒకటి, రెండు అని ముద్రిస్తున్నారు, మనం చదువుతున్నాం. 2007లో విలియమ్స్, ఆమ్హర్స్ట్ సహా 19 కాలేజీల అధ్యక్షులు తమ ప్రచారంలో ర్యాంకులు వాడబోమని ప్రకటించారు. కాలేజీవారికే పట్టని నంబరు మన వాట్సాప్ గ్రూపులకు పట్టింది.

దీనికి కారణం మన దగ్గరే ఉంది. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా మనకు కాలేజీ అంటే క్లోజింగ్ ర్యాంకే. ఏ కాలేజీలో సీఎస్ఈ సీటు ఎంత ర్యాంకు దగ్గర ఆగిపోయిందో చూసి కాలేజీల వరుస కట్టడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అమెరికా కాలేజీల ప్రవేశ శాతాన్నీ అదే కంటితో చదువుతాం. ఒకదానిది 8, ఇంకోదానిది 9 అయితే ఎనిమిదిది గట్టిదని తీర్పు. కానీ క్లోజింగ్ ర్యాంకు వెనక ఒకే పరీక్ష ఉంది, అందరూ రాసిందే. ప్రవేశ శాతం వెనక అలాంటిదేమీ లేదు. ఈ రెండు కాలేజీల్లోనూ దాదాపు మూడోవంతు విద్యార్థులు కాలేజీ జట్లలో ఆడేవారు. వారిలో చాలామందిని కోచ్‌లు ముందే ఎంచి పెట్టుకుంటారు. సీట్లలో పెద్ద భాగం ఎర్లీ డెసిషన్ కిందే, అంటే సీటొస్తే చేరతామని ముందే కట్టుబడినవారితోనే నిండుతుంది. దరఖాస్తు రుసుము తీసేసినా, ఒక వ్యాసం తగ్గించినా దరఖాస్తులు పెరుగుతాయి, శాతం పడిపోతుంది, కాలేజీ ఇంకా "గట్టిది" అయిపోతుంది. లోపల చెప్పే చదువులో వెంట్రుకవాసి మార్పు ఉండదు.

"సరే, ర్యాంకు వద్దు, పిల్లవాడికి ఎక్కడ నచ్చితే అక్కడ" అనే మెతక మనుషులు కొందరున్నారు. ప్రాంగణం చూసి రండి, మనసు చెబుతుంది అంటారు. మనసు చెప్పేది వాతావరణం గురించి. బర్క్‌షైర్ కొండలు అక్టోబరులో రంగు మారినప్పుడు చూసినవాడికి విలియమ్స్ నచ్చకుండా ఎలా ఉంటుంది? ఫిబ్రవరిలో తీసుకెళ్ళండి చూద్దాం. ఊరు చూపించే విద్యార్థి హుషారైనవాడైతే కాలేజీ మంచిదవుతుంది, ముభావంగా ఉంటే చెడ్డదవుతుంది. పైగా ఈ "వెళ్ళి చూసి రండి" అన్న సలహా ఎవరికి? విజయవాడలో కూర్చున్న అమ్మాయికి అది విమానం టికెట్ల ఖర్చు. కోర్సుల కేటలాగు చదవడానికి పైసా ఖర్చు లేదు. చాలా కాలేజీలు ఏటా బయటపెట్టే కామన్ డేటా సెట్‌లో తరగతుల పరిమాణం, ప్రవేశంలో దేనికెంత బరువిస్తారో వరుసగా ఉంటాయి. తనకు నచ్చిన ఒక్క సబ్జెక్టు తీసుకుని రెండు కేటలాగుల్లోనూ నాలుగేళ్ళ దారి కాగితం మీద వేసుకుంటే, ఒక్క సాయంత్రంలో ప్రాంగణం చూపించలేనంత కనిపిస్తుంది. ఈ పని చెయ్యమని కన్సల్టెంట్లు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. బహుశా ఆ పనికి కన్సల్టెంటు అక్కర్లేదు గనుక.

చదువుకున్నవారు ఇంకో ఆయుధం తీస్తారు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన ఉంది. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు పెట్టి, ఒకే స్థాయి కాలేజీల్లో సీటు వచ్చిన విద్యార్థుల్ని పోల్చి చూస్తే, మరింత గట్టి కాలేజీలో చేరినందువల్ల సగటున జీతం పెరగలేదని అది తేల్చింది. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం లాభం కనిపించింది. చూశారా, ఎక్కడ చదివినా ఒకటే అని పరిశోధనే చెప్పిందంటారు. అది చెప్పింది గట్టిదనం గురించి, జీతం గురించి. గట్టిదనంలో తేడా జీతాన్ని మార్చదంటే, నంబర్ వన్ వెంట పరుగు దండగని అర్థం. వారం వారం వ్యాసం రాసి సమర్థించుకున్నవాడికీ, అలా చెయ్యనివాడికీ ఆలోచనలో తేడా రాదని ఆ పరిశోధన ఎక్కడా అనలేదు. అది అడగని ప్రశ్నకు దాని చేత జవాబు చెప్పించకూడదు.

మరి నా ఓటు ఎటు? తప్పించుకోను. మన ఇళ్ళలో పెరిగిన సగటు పిల్లకు విలియమ్స్ మేలంటాను, నంబర్ వన్ అని కాదు, బలవంతం ఉందని. ఇక్కడి నుంచి ఈ కాలేజీలకు వెళ్ళేవారిలో ఎక్కువమంది అంతర్జాతీయ స్కూళ్ళ పిల్లలే, అయినా ఇంట్లో వీచేది ఎంపీసీ గాలే. అమెరికాలోని ఎడిసన్‌లోనూ, ఫ్రిస్కోలోనూ అదే గాలి. పదిహేనేళ్ళకే దారి ఒకటి గీసిపెట్టిన ఇంటి నుంచి వచ్చిన పిల్లకు పూర్తి స్వేచ్ఛ ఇస్తే ఏం చేస్తుంది? ఇంకొంచెం కంప్యూటర్ సైన్సు, ఇంకొంచెం గణితం, ఆపైన ఎకనామిక్స్. ఫోనులో నాన్న కూడా అదే అంటాడు. శిల్పకళ మీద కోర్సు చెయ్యక తప్పదని కాలేజీయే అంటే నాన్నకు నోరు లేదు. ఇక ట్యుటోరియల్ అయితే, క్లాసులో నోరు విప్పకుండా మార్కులు తెచ్చుకోవడం అలవాటైన మన పిల్లల కోసమే కనిపెట్టారా అనిపిస్తుంది. ఇప్పటికే ఇంటి గీత దాటి, తనకేం కావాలో తెలుసుకుని, అమ్మానాన్నలతో పోట్లాడిన పిల్ల అయితే ఆమ్హర్స్ట్‌కు వెళ్ళాలి. ఆ స్వేచ్ఛ ఖరీదు ఆమెకు తెలుసు. నా లెక్క తప్పని మరొకరు వాదించవచ్చు, సంతోషమే. కనీసం చదువు గురించి వాదించినట్టవుతుంది.

డబ్బు సంగతి ఎత్తకుండా ఈ పోలిక పూర్తికాదు, అక్కడా రెండూ ఒకటి కావు. విలియమ్స్ 2022లో, సాయం పొందే విద్యార్థుల ప్యాకేజీల్లోంచి అప్పుల్నే కాక ప్రాంగణంలో పనిచేసి సంపాదించాలన్న షరతును కూడా ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. ఆమ్హర్స్ట్ అప్పుల్ని అంతకు చాలా ముందే తీసేసింది. సీటు ఇచ్చేటప్పుడు విదేశీ విద్యార్థుల స్తోమతను కూడా చూడమనే అతి కొద్ది కాలేజీల్లో అది ఒకటి. పాత విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యాన్ని రద్దు చేస్తున్నట్టు 2021లో ప్రకటించింది కూడా. తాతా తండ్రీ అక్కడ చదవని మనబోటివారికి ఇది చిన్న సంగతేమీ కాదు. టెక్సస్‌లో పుట్టిన పౌరుడికీ, గుంటూరు నుంచి వీసా మీద వెళ్ళే పిల్లకూ ఈ లెక్కలు వేరు వేరుగా పడతాయి. రెండిళ్ళకూ ఒకే సలహా ఇచ్చేవాడు రెండిళ్ళనూ మోసం చేస్తున్నాడు.

చివరికి నవంబరు వస్తుంది. ఎర్లీ డెసిషన్ కింద దరఖాస్తు ఒక్క కాలేజీకే పెట్టాలి. సీటొస్తే చేరతామని కట్టుబడి విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూలు కౌన్సెలరు ముగ్గురూ సంతకాలు చెయ్యాలి. ఇచ్చిన సాయం చాలకపోతే తప్ప ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు. ఏడాది పొడుగునా రెండూ ఒకటేనని చెప్పిన పెద్దమనిషి ఆ కాగితం దగ్గర మాత్రం ఏదో ఒక పేరు చెప్పక తప్పదు. చెబుతాడు. ఎందుకని అడగండి. కేటలాగు తెరిచి చూపిస్తే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. నంబర్ వన్ అంటే ఫీజు వెనక్కి అడగండి.